ఒంటిచేతి బేరం

కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ముఖ్య కమిషనర్ గారికి,
న్యూఢిల్లీ



విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక చీరల కొట్టులో ముప్పై ఒక్క సంవత్సరాలు సేల్స్‌మేన్‌గా పనిచేశాను. పరుపు మీద కూర్చుని లేచి, లేచి కూర్చుని మోకాళ్లు అరిగాక 2017లో మానేశాను. అక్కర్లేని చీర కూడా అక్కరకొచ్చేదే అనిపించేలా చూపించడం నా వృత్తి. అందులో నాకు మంచి పేరే ఉండేది. కాబట్టి ఈ ఉత్తరంలో నీతులు వెతక్కండి. అమ్మేవాడి గుట్లు కొన్ని చెప్పి, అవి ఇప్పుడు ఎక్కడికి చేరాయో చూపించి, మీరు చేయదగ్గ పని ఒకటి అడుగుదామని రాస్తున్నాను.

మా పనిలో నోటికన్నా కంటికి పని ఎక్కువ. మనిషి గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడే సగం బేరం తెలిసిపోయేది. చెప్పులు ఎంత అరిగాయి, చేతిలో సంచి ఏ కొట్టుది, వెంట వచ్చింది భర్తా, అత్తగారా, చెల్లెలా, ఇవి చూసుకునే ఏ బీరువా తెరవాలో తేల్చుకునేవాళ్లం. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు గుంపుగా వస్తారు, స్థిమితంగా కూర్చుంటారు. పెట్టుబడి చీరలకు వచ్చినావిడ ముందు ధర అడుగుతుంది, తరువాతే రంగు. కొంగును రెండు వేళ్ల మధ్య నలిపి పక్కన పెట్టిందంటే చీర నచ్చలేదని కాదు, ధర నచ్చలేదని. ఆ పక్కన పెట్టినదాని వైపు మళ్లీ ఒకసారి చూసిందా, ఇంకో పది చీరలు విప్పి విసిగించి, చివర దాన్నే పైకి తీయాలి. మూడు వేల చీర అమ్మాలంటే ముందు ఎనిమిది వేలది విప్పాలి. ఇది మా సీనియర్ నాకు నేర్పిన మొదటి పాఠం. రెండోది, "ఇదొక్కటే పీసమ్మా" అనడం. అదే డిజైన్‌వి మరో మూడు పైన గోడౌన్‌లో ఉండేవి.

ఇప్పుడు మా ఇంటికి రండి. రాత్రి వంటిల్లు సర్దుకుని, పదిన్నరకు మంచం మీద చేరబడి మా ఆవిడ ఫోను తీస్తుంది. కొనాలని కాదు, ఊరికే చూడాలని. ఊరికే చూసిపోయేవాళ్లు మా కొట్టుకూ వచ్చేవాళ్లు. విప్పిన చీరలన్నీ మళ్లీ మడతలు పెట్టుకుంటూ లోలోపల తిట్టుకునేవాళ్లం. ఫోనులోని కొట్టుకు మాత్రం ఆ మనిషే బంగారం. ఆవిడ వేలు ఏ బొమ్మ మీద ఆగింది, దేన్ని పెద్దది చేసి అంచు చూసింది, ఏది బుట్టలో వేసి తీసేసింది, తీసేసినదాని దగ్గరకు మర్నాడు ఎన్నింటికి తిరిగొచ్చింది, అన్నీ పద్దుకెక్కుతాయి. కొన్న మనిషి చెప్పేది ఒక్క జవాబు. కొనని మనిషి వంద జవాబులు చెప్పి వెళుతుంది.

కృత్రిమ మేధ అంటే నేనేదో పెద్దగా ఊహించుకున్నాను. మా అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడు ఒకసారి విడమరిచి చెప్పాడు. "అది పందెం కాస్తుంది నాన్నా, అంతే. ఈ చీర చూపిస్తే అమ్మ నొక్కే అవకాశం నూటికి ఎంత, కొనే అవకాశం ఎంత అని ప్రతి వస్తువుకీ ఒక అంకె వేసుకుంటుంది. ఎక్కువ అంకె వచ్చినదాన్ని పైన పెడుతుంది. పందెం తప్పిందనుకో, లెక్క దిద్దుకుంటుంది." నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ నేను చేసింది అదేగా!

చీర కొన్న మనిషికి ఫాలు కావాలి, జాకెట్టు ముక్క కావాలి, లంగా కావాలి. ఇది మాకెవరూ నేర్పలేదు, గల్లా పెట్టె దగ్గర రోజూ చూసి తెలుసుకున్నాం. అమెజాన్ ఇంజినీర్లు ఇదే సంగతిని లెక్కగా మార్చి 1998లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 2003లో వ్యాసంగా ప్రచురించారు. మనిషికీ మనిషికీ పోలికలు వెతకడం మాని వస్తువుకీ వస్తువుకీ ఉన్న చుట్టరికం లెక్కపెట్టడం వాళ్ల తెలివి. 'ఇది కొన్నవాళ్లు అది కూడా కొన్నారు' అంటూ మన ఫోనులో కనిపించే వరస ఆ లెక్క నుంచి వచ్చిందే. కాకపోతే నేను నా సర్వీసు మొత్తంలో మహా అయితే లక్ష మందికి చీరలు చూపించి ఉంటాను, వాళ్లలో చాలామంది నాకు గుర్తే లేరు. దానికి మరుపు లేదు. మా యజమాని బోర్డు రంగు మార్చాలంటే ఆరు నెలలు ఆలోచించేవాడు. ఫోను కొట్టు ఒకే పూట సగం మందికి పసుపు మీట, సగం మందికి నారింజ మీట చూపించి, ఏది ఎక్కువమంది నొక్కారో సాయంత్రానికి తేల్చుకోగలదు. మనం బజారుకు వెళ్లామనుకుంటాం. అక్కడ మన చేత పరీక్ష రాయిస్తుంటారు.

చెడ్డే చెబితే అది పాత కొట్టువాడి అసూయ అవుతుంది. 2007లో ఫ్లిప్‌కార్ట్‌కు వచ్చిన మొట్టమొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచే. ఒక ఇంగ్లీషు పుస్తకం. అది చేతిలో లేకపోతే, కొట్టు పెట్టిన ఆ ఇద్దరు కుర్రాళ్లు బెంగళూరు పుస్తకాల షాపులు గాలించి సంపాదించి పంపారు. ఒక జిల్లా కేంద్రంలో కూర్చున్న మనిషి అడిగిందానికి అంత తిరుగుడు తిరిగే కొట్టు అంతకుముందు మనకు లేదు. మండల కేంద్రంలో ఉన్న అమ్మాయి ఇవాళ మంగళగిరి చీర, వెంకటగిరి చీర పక్కపక్కన పెట్టి చూసుకుని, నచ్చకపోతే మొహమాటం లేకుండా వెనక్కి పంపిస్తోంది.

ఇంకో సంగతి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అరిగిన చెప్పులతో వచ్చినవాళ్లను మేం పై అంతస్తుకు రమ్మనేవాళ్లం కాదు. ఒకసారి వెలిసిన నేత చీరలో వచ్చిన ఒకావిడకు నేను చవక వాయిల్ చీరలు పరిచాను. ఆవిడ మాట్లాడకుండా లేచి, ఎదురు కొట్టుకు వెళ్లి, కూతురి పెళ్లికి పన్నెండు పట్టుచీరలు కొనుక్కుంది. మా యజమాని నా జీతం కొయ్యలేదు గాని, ఆ వారమంతా మాటలతో కోశాడు. ఆ చూపు తప్పించుకోవడానికే జనం ఫోను కొట్టుకు వెళ్లారంటే నేను కాదనను. చెప్పులు చూసి చీర విప్పే పాపం దానికి లేదనే నేనూ నమ్మాను. కిందటి దసరా దాకా.

దసరాకు ముందు మా పాత కుక్కరు మూత బిగియడం మానేసింది. అయిదు లీటర్లది కొత్తది కొందామని చూశాను. నా ఫోనులో 1,899 రూపాయలు. మంచానికి ఆ పక్కన మా ఆవిడ ఫోనులో అదే యాప్, అదే కంపెనీ, అదే కుక్కరు, 1,749. కళ్లజోడు తుడుచుకుని రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టాను. తేడా కళ్లజోడుది కాదు. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ఒకమ్మాయి మర్యాదగానే చెప్పింది.

"మేడమ్ గారి ఖాతాకు కూపన్ వర్తించింది సర్."

"నాకెందుకు వర్తించలేదమ్మా?"

"అది సిస్టమ్ డిసైడ్ చేస్తుంది సర్."

తరువాత మా ఆవిడను అడిగితే తెలిసింది, నాలుగు రోజుల కిందటే ఆవిడ ఆ కుక్కరును బుట్టలో వేసి వదిలేసిందట. అప్పుడు నాకు వెలిగింది. మెట్లు దిగిపోతున్న మనిషిని వెనక్కి పిలవడం! "అమ్మగారూ, ఒక్క మాట! బోణీ బేరం, మీ మాటే కానివ్వండి" అని నేను ఎన్ని వందలసార్లు అరిచి ఉంటాను. ఆవిడ తటపటాయించింది కాబట్టి తగ్గింపు, నేను తిన్నగా కొనబోయాను కాబట్టి పూర్తి ధర అన్నమాట. ఇది నా అనుమానమే, రుజువు చేయలేను. నా బాధంతా ఆ రుజువు చేయలేకపోవడం గురించే. మా కొట్టులో అయితే ఒకావిడకు ఎంతకిచ్చానో పరుపు మీద పక్కన కూర్చున్నావిడ చెవిన పడేది. పడగానే "మాకూ అంతకే ఇవ్వు బాబూ" అనేది. ఆ మాటకు భయపడే మేం హద్దులో ఉండేవాళ్లం.

నేను పనిలో చేరిన కొత్తలో చీర చీటీ మీద ధర అంకెల్లో ఉండేది కాదు. పది అంకెలకు పది అక్షరాలు పెట్టుకుని, కొన్న ధర ఆ అక్షరాల్లో రాసేవాళ్లం. అది మాకే అర్థమవుతుంది. చెప్పే ధర మనిషిని బట్టి. గడుసుగా మాట్లాడే ఆవిడకు ఒకటి, మాట రాని పల్లెటూరి మనిషికి ఒకటి. మా యజమాని ఒక ఉగాదికి 'ఒకే ధర, బేరం లేదు' అని బోర్డు పెట్టినప్పుడు మేమంతా చాటున నవ్వుకున్నాం, ఇక ఈగలు తోలుకోవాల్సిందేనని. జనం వచ్చారు. ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చారు. నోరున్నవాడికీ లేనివాడికీ ఒకే ధర అంటే అది గౌరవం అని నాకు ఆ ఏడాది అర్థమైంది. ఆ బోర్డు పెట్టాక కూడా, ఆషాఢంలో పెళ్లిళ్లు లేక సరుకు కదలకపోతే ధరలు తగ్గించేవాళ్లం, శ్రావణం రాగానే ఎత్తేసేవాళ్లం. కానీ గుడ్డ బ్యానరు రోడ్డుకు అడ్డంగా కట్టి తగ్గించేవాళ్లం. ధర నెలను బట్టి మారేది, మనిషిని బట్టి కాదు.

ఫోను ఆ బోర్డును మెల్లగా దించేస్తోంది, చప్పుడు కాకుండా.

మా నాన్న ఎడ్ల కోసం సంతకు వెళ్లేవాడు. అక్కడ దళారీ, రైతు తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలిసేది కాదు. అది రహస్యపు బేరమే, కానీ తువ్వాలు కింద రెండు చేతులుండేవి. ఇప్పుడు తువ్వాలు అలాగే ఉంది, కింద ఉన్నది ఒక్క చెయ్యి. నేను బేరంలో ఉన్నానన్న సంగతే నాకు తెలియదు.

ఇది నిన్న మొన్న పుట్టిన రోగం కాదు. 2000 సెప్టెంబరులో అమెరికాలో ఒకే డీవీడీకి అమెజాన్ వేర్వేరు మనుషులకు వేర్వేరు ధరలు చూపిస్తోందని కొన్నవాళ్లు తమలో తాము మాట్లాడుకుని పసిగట్టారు. మనుషులను బట్టి వేసిన ధరలు కావు, లాటరీలా వేసి చూసిన పరీక్ష అని కంపెనీ చెప్పుకుంది. ఎక్కువ కట్టిన 6,896 మందికి సగటున 3 డాలర్ల 10 సెంట్లు తిరిగిచ్చింది. ఆ రోజు పట్టుకున్నది ఏ అధికారీ కాదు. నీకెంత, నాకెంత అని మనుషులు ఒకరినొకరు అడగడం వల్ల బయటపడింది. అప్పుడు రెండు మూడు ధరలు. ఇప్పుడు మనిషికొక కూపన్, కార్డుకొక తగ్గింపు, గంటకొక మెరుపు అమ్మకం. నీకెంత అని అడిగినా పోల్చుకోవడానికి ఆధారం దొరకదు.

2025 జనవరిలో ఐఫోనుకు ఒక కిరాయి, ఆండ్రాయిడ్‌కు ఇంకో కిరాయి చూపిస్తున్నారన్న ఆరోపణ మీద ఓలా, ఉబర్‌లకు మీ సంస్థే నోటీసులిచ్చింది. అలాంటిదేమీ లేదని రెండు కంపెనీలూ అన్నాయి. మీరు అడగడమే మంచిపని. మేం చెప్పులు చూసేవాళ్లం, యాప్ ఫోను మోడల్ చూడగలదు. పిన్‌కోడ్ చూడగలదు. కిరాయి గురించి అడిగినవారు కుక్కరు గురించి కూడా అడగండి.

మీ చేతిలో చట్టం లేకపోలేదు. 2020 జులై 23న వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదంటున్నాయి, వాళ్ల హక్కులకు భంగం కలిగేలా ఇష్టం వచ్చినట్టు వర్గాలుగా విడదీయకూడదంటున్నాయి. నేనూ మా ఆవిడా ఒకే ఇంట్లో, ఒకే రేషన్ కార్డు మీద ఉన్నాం. మేం ఒకే తరగతా, కాదా? ఆవిడది తటపటాయించే తరగతి, నాది తొందరపడే తరగతి అని యంత్రం గీత గీస్తే, అది 'ఇష్టం వచ్చినట్టు' కిందకు వస్తుందా, రాదా? ఈ ఒక్క ప్రశ్నకు మీరు నాలుగు వాక్యాల్లో జవాబు రాసి బయట పెట్టినా దేశంలో సగం గందరగోళం తీరుతుంది. యూరప్‌లో 2022 మే 28 నుంచి, యంత్రం మనిషిని బట్టి ధర వేస్తే ఆ మాట కొనేవాడికి చెప్పి తీరాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 2025 నవంబరు నుంచి, మీ వ్యక్తిగత సమాచారంతో అల్గారిథమ్ వేసిన ధర ఇది అని ధర దగ్గరే స్పష్టంగా కనిపించేలా రాయాలి. రాసినంత మాత్రాన ధర తగ్గదు, నాకు తెలుసు. కానీ ఆ మాట కళ్లబడితే మంచం ఆ పక్కనున్న ఫోనులో ఎంత ఉందో ఎవరైనా చూస్తారు.

2023 నవంబరు 30న మీరు తెచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలు మా అబ్బాయి చదివి వినిపించాడు. పదమూడు రకాల మాయలు. మొదటిది లేని తొందర పుట్టించడం. అంటే నా "ఇదొక్కటే పీసమ్మా". చెప్పకుండా బుట్టలోకి వస్తువు దూర్చడం, వద్దన్నవాళ్లు సిగ్గుపడేలా మాటలు పెట్టడం, చేరడానికి ఒక్క నొక్కు, బయటపడటానికి చాంతాడంత తతంగం ఉండే చందాలు. వింటుంటే నా సర్వీసు రికార్డు చదువుతున్నట్టుంది. చందాల సంగతిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ అమెజాన్ మీద 2023లో కేసు వేసింది. ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకునే తతంగానికి ఆ కంపెనీ లోపల 'ఇలియడ్' అని పేరు పెట్టుకున్నారని ఆ కేసులో ఉంది. పదేళ్ల యుద్ధం గురించిన గ్రీకు కావ్యం పేరది. మనవాళ్లయితే మహాభారతం అనేవాళ్లేమో. తప్పు ఒప్పుకోకుండానే 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు.

మీ జాబితా మంచిదే. కానీ అది పట్టుకునేది అబద్ధాన్ని. నా భయం నిజాల గురించి. 'ఇంకా రెండే మిగిలాయి' అన్నది నిజమే అనుకోండి. ఆ నిజాన్ని ఎవరికి చూపించాలి, ఎప్పుడు చూపించాలి అన్నది యంత్రం ఎంచుకుంటుంది. కంగారుపడే మనిషికి, కంగారుపడే వేళకు చూపిస్తుంది. స్థిమితపరుడికి అదే చోట తగ్గింపు చూపిస్తుంది. ఏ తెరలోనూ అబద్ధం లేదు, మీ పదమూడింటిలో దేనికీ దొరకదు. నేను అబద్ధమాడితే, అదే చీర మర్నాడు పక్కింటావిడ ఒంటి మీద చూసి ఆ అమ్మ తిరిగొచ్చి నలుగురి ముందు నా పరువు తీసేది. రెండుసార్లు తీశారు కూడా. యంత్రం ఎంచిన వేళను నిలదీయడానికి ఎవరు, ఎక్కడికి వెళ్లాలి?

వరస సంగతి కూడా ఇలాంటిదే. కదలని పాత సరుకు అమ్మితే మాకు చీరకు పది రూపాయలు విడిగా ముట్టేవి. ఆ చీరలు సహజంగానే ముందు విప్పేవాళ్లం, "మొన్ననే వచ్చింది" అంటూ. ఫోనులో 'కుక్కరు' అని వెతికితే పైన వచ్చే నాలుగింటిలో డబ్బు కట్టి పైకి ఎక్కినవి ఎన్నో, బూడిదరంగు చిన్న అక్షరాలు వెతుక్కుని చూడాలి. ఏది పైన, ఏది కింద అన్నది ముఖ్యంగా దేన్ని బట్టి నిర్ణయిస్తున్నారో, అందులో దేనికి ఎంత బరువో, తేలిక భాషలో అందరికీ అందేలా వివరించాలని అదే 2020 నియమాల్లో ఉంది. నాకు వచ్చిన భాషలో అది ఇప్పటిదాకా నా కంటపడలేదు. వ్యక్తిగత సమాచారం అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలని 2023 డేటా రక్షణ చట్టం అంటోంది. నా సమాచారం తీసుకునేటప్పుడు తెలుగు కావాలి గాని, దాంతో నాకు ఏం చూపిస్తున్నారో చెప్పేటప్పుడు అక్కర్లేదా?

రివ్యూల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో వాటికి ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, అది పాటించడం కంపెనీల ఇష్టం. అప్పటికి అబద్ధపు పొగడ్త రాయాలంటే మనిషి కావాలి. ఇప్పుడు యంత్రమే తెలుగులో కూడా చక్కగా రాస్తుంది, ఇంకో యంత్రం వాటన్నిటినీ చదివి 'కొన్నవాళ్లు ఏమంటున్నారంటే' అని సారాంశం చెబుతుంది. ప్రమాణం కంపెనీల ఇష్టం మీద నడిచే రోజులు అయిపోయాయి.

అన్నిటికన్నా నన్ను కలవరపెడుతున్నది కొత్తగా వచ్చిన మాటకారి. అమెజాన్ 2024 ఆగస్టులో రూఫస్ అనే సహాయకుణ్ణి మన దేశంలోకి తెచ్చింది. ఫ్లిప్‌కార్ట్‌కూ అలాంటిది ఉంది. 'నలుగురికి ఏ కుక్కరు సరిపోతుంది' అని అడిగితే చక్కగా జవాబు చెబుతాయి. 2025 అక్టోబరులో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, చెల్లింపుల కంపెనీ రేజర్‌పే, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కలిసి, చాట్‌జీపీటీతో మాట్లాడుతూ మాట్లాడుతూనే యూపీఐతో డబ్బు కట్టేసే ప్రయోగం మొదలుపెట్టాయి. అంటే సలహా, బేరం, చెల్లింపు ఒకే నోట. మా కొట్టుకు ఆడవాళ్లు వచ్చేటప్పుడు వెంట ఒక పిన్నిగారో వదినగారో వచ్చేవాళ్లు. మా అసలు పోటీ ఆవిడతోనే. మేం ఎంత పొగిడినా, "నీకు ఈ రంగు నప్పదే, లే" అని ఆవిడ ఒక్క మాట అంటే బేరం పోయేది. నేను కొట్టు మనిషిని, ఆవిడ కొనేవాళ్ల మనిషి. ఈ విభజన అందరికీ తెలుసు. ఈ కొత్త సహాయకుడు పిన్నిగారి గొంతుతో మాట్లాడతాడు, జీతం మాత్రం కొట్టులో తీసుకుంటాడు. "నువ్వు ఎవరి తరఫు?" అని అడిగితే, మాట తిప్పకుండా జవాబు చెప్పి తీరాలని మీరు నియమం పెట్టండి. ఫలానా సరుకు పేరు ఎత్తినందుకు తనకేమైనా ముడుతుందా అన్నది కూడా అందులో ఉండాలి.

2025 జూన్‌లో మీరు ఈ-కామర్స్ సంస్థలన్నిటికీ, మీ తెరల మీద మాయలున్నాయేమో మీరే మూడు నెలల్లో తనిఖీ చేసుకోండి అని సలహా పంపారు. ఇది చదివినప్పుడు నాకు మా కొట్టులోని మీటరు కడ్డీ గుర్తొచ్చింది. జాకెట్టు గుడ్డలు కొలిచే కడ్డీ. దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా వచ్చేవారు, కడ్డీ చేతిలోకి తీసుకుని ముద్ర చూసేవారు, తన కొలతతో పెట్టి చూసేవారు. "మీ కడ్డీ సరిగా ఉందా, ఉంటే ఒక కాగితం రాసివ్వండి" అని మా యజమానిని అడిగి వెళ్లిపోలేదు. ఆ తూనికలు కొలతల చట్టమూ మీ మంత్రిత్వ శాఖదే. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా మీ అంతట మీరు విచారణ మొదలుపెట్టే అధికారం 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం మీకిచ్చింది.

కాబట్టి నేను అడిగేది ఇది. పది ఫోన్లు తీసుకోండి. ఖరీదైనవి కొన్ని, చవకవి కొన్ని, పాతవి కొన్ని. విజయవాడలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి, పాడేరులో ఒకటి, ఢిల్లీలో మీ బల్ల మీద ఒకటి, మిగతావి మీ ఇష్టం. వాటిలో తిన్నగా కొనేవాళ్ల ఫోన్లు ఉండాలి, బుట్టలో వేసి వదిలేసేవాళ్ల ఫోన్లూ ఉండాలి. ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే కుక్కరు ధర అన్నిటిలో చూడండి. పైన ఏ వరసలో వచ్చిందో కూడా రాసుకోండి. కంపెనీలకు ముందుగా చెప్పకండి. వచ్చిన పది అంకెలూ పత్రికల్లో వేయించండి, తెలుగు పత్రికల్లో కూడా. ప్రతి మూడు నెలలకూ ఒకసారి వస్తువు మార్చి ఇలాగే చేయండి.

నా ఫోనూ మా ఆవిడ ఫోనూ ఆ పదిలో రెండుగా వేసుకోవచ్చు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక పాత చీరల కొట్టు సేల్స్‌మేన్,
విజయవాడ